‘మగువ తన కేళికా మందిరము’ పాటకు అర్థం ఏమిటి? గుడిలో పాడవచ్చా?

మీరు రాసిన సంగతి ఇదీ: పెళ్లయ్యాక ఒంగోలులో మళ్లీ సంగీతం మొదలుపెట్టారు. మీ టీచరుగారు క్షేత్రయ్య పదం (నాయికా నాయకుల ప్రేమ మీద నిదానంగా సాగే పాట) ‘మగువ తన కేళికా మందిరము వెడలెన్’ నేర్పి, ఉత్సవాలకు గుడిలో పాడమన్నారు. ఇంట్లో సాధన చేస్తుంటే మీ అత్తగారు విని, ‘కేళికా మందిరం ఏంటమ్మా, ఇది గుడిలో పాడే పాటేనా?’ అన్నారు. ఆ మగువ ఎవరు, ఎవరితో ఏం చెబుతోంది, ఇది ప్రేమ పాటా భక్తి పాటా అని మీరు అడిగారు.

నాది నెల్లూరు. రంగనాయకులపేటలో పుట్టి పెరిగాను. ఈ పదం నేర్చుకుని చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కొన్నాళ్లు పాడకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. గుడిలో తప్పకుండా పాడండి. ఎందుకు పాడొచ్చో తర్వాత చెబుతాను. ముందు పాటలో ఏముందో చూద్దాం, అర్థం తెలిస్తే సగం అనుమానం దానంతట అదే పోతుంది.

పల్లవి, అనుపల్లవి కలిపి చదవండి.

మగువ తన కేళికా మందిరము వెడలెన్
వగకాడ మా కంచి వరద తెల్లవారె ననుచు

వచనంలో చెప్పుకుంటే, ‘సొగసుకాడా, మా కంచి వరదా, తెల్లవారింది’ అంటూ ఆమె తన విహార మందిరం నుంచి బయటికి వచ్చింది. కంచి వరద అంటే కంచిలోని వరదరాజస్వామి. కథ మొత్తం ఇంతే. రాత్రి ఏం జరిగిందో పాట చెప్పదు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పదు. తెల్లవారింది, ఆమె బయటికి వస్తోంది, ఆ రావడాన్ని ఎవరో చూస్తున్నారు. ఆ చూసేది ఎవరన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. మగువ ఎవరన్నది దాని తర్వాతే.

క్షేత్రయ్య పదాల్లో చాలావాటిలో నాయిక తనే మాట్లాడుతుంది. చెలికత్తె దగ్గర కూర్చుని బాధ చెప్పుకుంటుంది. లేకపోతే తన ప్రియుడైన మువ్వ గోపాలుణ్ణి గుమ్మంలో నిలబెట్టి, రాత్రంతా ఏ ఇంట్లో ఉన్నావని నిలదీస్తుంది. కొన్నిట్లో చెలికత్తె మధ్యవర్తిగా నడిచి ఇద్దరికీ సర్దిచెబుతుంది. ఈ ముగ్గురిలో ఎవరి నోటి మాటో తేల్చుకోకుండా అర్థం చెప్పబోతే, ప్రతి మాటకీ అర్థం తెలిసి కూడా పాట చేతికి చిక్కదు. దెప్పిపొడుపు పొగడ్తలా వినిపిస్తుంది, బతిమాలడం కోపంలా వినిపిస్తుంది.

నాకు పదాలు నేర్పిన టీచరమ్మ కొత్త పదం మొదలుపెట్టిన రోజు స్వరం జోలికి పోయేది కాదు. సాహిత్యం రాయించి, ‘ఇది ఎవురు చెప్తుండారో ముందు చెప్పు పాపా. ఎవురితో చెప్తుండారు? ఆ పక్కన ఇంకెవురన్నా ఉండారా?’ అని అడిగేది. ఆ మూడింటికీ జవాబు వచ్చేదాకా శ్రుతిపెట్టె ముట్టుకునేది కాదు. మాటల్లో అచ్చ నెల్లూరు యాస, పాటలో మాత్రం ఒక్క అక్షరం జారేది కాదు. ఆమెకు ఈ పదాలు కోవూరు వైపు ఒక కలావంతుల (గుళ్లలో, కొలువుల్లో ఆడిపాడేవాళ్ల) ఇంటి పెద్దావిడ నేర్పింది. పాటను అర్థం చేసుకునే ఈ పద్ధతి కూడా ఆ పెద్దావిడదేనట.

ఆ పద్ధతిలోనే ఈ పదాన్ని చూడండి. నాయిక నోటి నుంచి వచ్చేది ఒక్క పలకరింపూ, ‘తెల్లవారె’ అన్న ఒక్క మాటా. మిగతా పాటంతా చూస్తున్న మనిషిది. ‘మా కంచి వరద’లో ఉన్న ఆ ‘మా’లో కూడా నాకు చూసేవాళ్ల గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ చూసేది బయట కాచుకుని ఉన్న చెలికత్తె అనుకోవచ్చు. తెల్లవారుజామున సేవకు వచ్చిన పరిచారిక అనుకోవచ్చు. క్షేత్రయ్యే అనుకోవచ్చు. ఎవరనుకున్నా ఆ చూపు గడప దాటి లోపలికి పోదు. బయట ఏం కనబడుతుందో అదే చెబుతుంది. ప్రేమ గురించిన పాటే, కానీ ప్రేమ జరిగిన గదిలోకి మనల్ని తీసుకుపోదు. ఈ పాటకు ఉన్న మర్యాద ఇదే. ఇది పట్టుబడితే మీ అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు.

డాన్సు నేర్చుకునేవాళ్లు ఈమె అష్టనాయికల్లో ఎవరు అని అడుగుతుంటారు. భరతుడు చెప్పిన ఆ ఎనిమిది రకాలూ చాలా పదాలకు నిజంగానే ఉపయోగపడతాయి. ఇక్కడ మాత్రం ఏదో ఒక పేరు అతికించాలని అంతగా పాకులాడనక్కర్లేదు. ఆమెకు కోపం లేదు, ఎదురుచూపు లేదు, విరహం లేదు. నిద్ర చాలలేదు, తెల్లారింది, పోవాలి.

ఇక చరణాలు. పుస్తకాల్లో చిన్నచిన్న పాఠభేదాలు ఉంటాయి, మీ టీచరుగారి పాఠం వేరుగా ఉంటే అదే పాడండి. మొదటి చరణం మాకు చెప్పింది ఇదీ.

విడజారు గొజ్జంగి విరిదండ జడతోను
కడు చిక్కుపడి పెనగు కంటసరితోను
నిడుద కన్నుల తేరు నిదుర మబ్బుతోను
తొడరి పదయుగమున తడబడు నడతోను

జడలో తురుముకున్న గొజ్జంగి పూలదండ ఊడి జారిపోతోంది. మెడలో హారం చిక్కుపడి మెలికలు తిరిగి ఉంది. పొడుగాటి కళ్లలో ఇంకా నిద్రమబ్బు తేలుతోంది. అడుగుకి అడుగు అడ్డుపడి నడక తడబడుతోంది. ఇందులో తెల్లవారిన గుర్తులు తప్ప ఇంకేం లేవు. పెళ్లి పనుల్లో రాత్రంతా మేలుకుని పొద్దున్నే పందిట్లోకి వచ్చిన ఆడమనిషి ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే ఉంటుంది. కాకపోతే ఈమె మేలుకున్న కారణం వేరు.

రెండో చరణంలో సోలిపోయే చూపులు, ఒంటి మీది కర్పూరం వాసన, కెంపులాంటి పెదవి, ఎద మీద విదియ చంద్రుళ్లు వస్తాయి. విదియ చంద్రుళ్లంటే గోటి గుర్తులు. గోటి గుర్తును నెలవంకతో పోల్చడం సంస్కృత కావ్యాల నుంచి మన ప్రబంధాల దాకా కవులందరికీ అలవాటే. మీ అత్తగారి చెవిన పడింది ఈ చరణమే అయుంటుంది. మూడో చరణంలో బడలిక, జరీ పావడ చెరగు, జారిన పైట, రెండు పక్కలా చెయ్యి అందిస్తున్న చెలికత్తెలు వస్తారు. చివర మళ్లీ ‘తెల్లవారెననుచు’ వస్తుంది.

పాడేవాళ్లకు చాలా ముఖ్యమైన సంగతి ఒకటుంది. చరణాల్లో క్రియ లేదు. జడతోను, కంటసరితోను, మబ్బుతోను, నడతోను అని ఒకదాని వెంట ఒకటి వేలాడుతూ ఉంటాయి. ఇవన్నీ పెట్టుకుని ఆమె ఏం చేసింది? జవాబు పల్లవిలో ఉంది: ‘వెడలెన్’. అంటే ప్రతి చరణం ముగిసి మీరు పల్లవికి తిరిగి వచ్చినప్పుడు గానీ వాక్యం పూర్తి కాదు. ఆ ఒక్క క్రియ కోసం వినేవాళ్లు నాలుగు పాదాలు కాచుకుని ఉంటారు. పదాలు విలంబ కాలంలో, అంటే బాగా నిదానంగా, పాడతారు కాబట్టి ఆ నిరీక్షణ ఇంకా సాగుతుంది. ఆమె గడప దాటడానికి పట్టే సమయం వినేవాళ్లకు చెవితోనే తెలుస్తుంది. కొంతమంది చరణం చివర ఆగి, గొంతు సవరించుకుని, కొత్తగా మొదలుపెట్టినట్టు పల్లవి ఎత్తుకుంటారు. అట్లా చేస్తే వాక్యం తెగిపోతుంది, దాంతోపాటు అర్థమూ తెగుతుంది. ‘నడతోను’ నుంచి ‘మగువ’కు జారిపోవాలి. మోహన రాగం కాబట్టి ఆ జారుడు గొంతుకు ఇబ్బంది పెట్టదు.

రెండో సంగతి పిలుపులది. అనుపల్లవిలో ఆయన ‘వగకాడు’. వగలు తెలిసినవాడు, సొగసుగాడు, కాస్త కొంటెవాడు. మూడో చరణం చివరికి వచ్చేసరికి అదే మనిషి ‘పరమాత్మ మువ్వ గోపాల’ అయ్యాడు. రెండు చోట్లా చెప్పే మాట ఒక్కటే, తెల్లవారిందని. మధ్యలో ఉపదేశం లేదు, తత్వం లేదు. పూలదండ, హారం, నిద్రకళ్లు, జారిన పైట, అంతే. ‘ఇది ప్రేమ పాటా భక్తి పాటా’ అని మీరడిగిన దానికి క్షేత్రయ్య ఇచ్చిన జవాబు ఇది. వగకాడు వేరు, పరమాత్మ వేరు అనుకునే వాళ్లకే ఈ పాట రెండుగా కనబడుతుంది. ఆయనకు ఒక్కటే. ఆమెకూ ఒక్కటే. కాబట్టి ‘పైకి శృంగారమే గానీ లోపల జీవాత్మ పరమాత్మల కలయిక’ అని వెంటనే తెర కప్పేసే వివరణ నాకు నచ్చదు. ఆ వివరణ చెప్పేవాళ్లు పెద్దవాళ్లే, భక్తులే. కానీ పూలదండని పూలదండగా చూడనివ్వకపోతే పాటలో ఇక మిగిలేది ఏముంటుంది?

ఇప్పుడు మగువ ఎవరన్న ప్రశ్న. క్షేత్రయ్య 17వ శతాబ్దం మనిషి. కూచిపూడి దగ్గరి మొవ్వ ఆయన ఊరని చెబుతారు, ‘మువ్వ గోపాల’ ముద్ర (పాటలో కవి పెట్టుకునే గుర్తు) అక్కడి స్వామిదే. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో, మధుర తిరుమల నాయకుడి దగ్గర, గోల్కొండలో పదాలు చెప్పానని తనే ఒక పదంలో చెప్పుకున్నాడు. క్షేత్రాలు తిరుగుతూ ఆయా దేవుళ్ల మీద కూడా పదాలు కట్టాడు, ఆ పేరు అందుకే వచ్చిందంటారు. ఈ పదం కంచి వరదరాజస్వామి మీద. దీనికి ఒక కథ చెబుతారు: ఒక రాత్రి క్షేత్రయ్య కంచి గుడిలోనే ఉండిపోయాడట. తెల్లవారుజామున దేవేరి పెరుందేవి అమ్మవారు స్వామి ఏకాంతం నుంచి తన సన్నిధికి తిరిగి వెళ్తుంటే కళ్లారా చూశాడట. చూసింది చూసినట్టు పాడాడట.

చరిత్ర అని కాదు గానీ, ఈ కథ పాటకు బాగా కుదురుతుంది. కుదరని చోటు కూడా ఒకటుంది. పాటలో ఉన్నది ‘తన’ కేళికా మందిరం. స్వామి గదిలోంచి వెళ్లిపోతుంటే ‘తన’ అని ఎందుకన్నట్టు? దీన్ని పట్టుకుని, ఈమె అమ్మవారు కాదు, గుడి కొలువులోని వేశ్య అని వాదించేవాళ్లు ఉన్నారు. నేను అటు మొగ్గను. క్షేత్రయ్య మిగతా పదాల్లో వేశ్య ఇంటికి వచ్చేది మగవాడు, తెల్లారి వెళ్లిపోయేదీ అతనే. ఇక్కడ వెళ్తున్నది ఆమె. ఆమెకు చెయ్యి పట్టుకుని నడిపించడానికి రెండు వైపులా పరిచారికలున్నారు. లేపి, తెల్లవారిందని చెప్పి, మర్యాదగా బయలుదేరుతోంది. ఇది ఇంటి ఇల్లాలి తీరు. ఆ మందిరం ఆయనదీ, ఆమెదీ. ‘తన’ అన్న మాట ఆమె అక్కడ అతిథి కాదని చెబుతోంది. అది నా చదువు. వేరేలా చదివినా పాట చెడదు.

ఈ నమ్మకం నాకు పుస్తకాల వల్ల కాదు, కంచిలో కలిగింది. మా జిల్లాలో పెళ్లి పట్టుచీరలకు కంచి పోవడం మామూలే. చీరలు కొనడానికి పోయి వరదరాజస్వామి గుడికి పోకుండా ఎవరూ రారు. అక్కడ మూలవిరాట్టు ఉన్నది హస్తిగిరి మీద. 24 మెట్లు ఎక్కితే గానీ స్వామి కనబడడు. పెరుందేవి తాయారు సన్నిధి కింద విడిగా ఉంది. దర్శనం చేసుకుని జనంతోపాటు దిగుతుంటే, నా ముందు ఒక ముసలావిడను ఇద్దరు కోడళ్లు చెరో చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దించుతున్నారు. ‘ఇరుగడల కైదండలిచ్చు తరుణులతోను’ అన్న పాదం అప్పుడు కళ్లముందు నిలబడింది. తడబడే నడక, రెండు పక్కలా అందించిన చేతులు, ఇవి కావ్యాల్లోంచి అరువు తెచ్చుకున్న అలంకారాలని అప్పటిదాకా అనుకునేదాన్ని. నిద్ర తీరని మనిషి ఆ మెట్లు దిగాలంటే కైదండ కావాల్సిందే. స్వామి పైన, అమ్మవారి సన్నిధి కింద. పాటలో మెట్ల మాట ఎక్కడా లేదు గానీ, నేను పాడేటప్పుడు మాత్రం ఆమె మెట్లు దిగుతూనే ఉంటుంది.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడను తప్పుపట్టకండి, వినగానే అట్లా అనిపించడం సహజం. ఆవిడకు అన్నమయ్య ‘పలుకు తేనెల తల్లి పవళించెను’ తెలిసే ఉంటుంది. గుళ్లలో, ఇళ్లలో, పిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పాడతారు. దాని రెండో పాదం గుర్తు చేయండి: ‘కలికితనముల విభుని గలసినది గాన’. అలమేలుమంగ పగలైనదాకా ఎందుకు నిద్రపోతోందో అన్నమయ్య పల్లవిలోనే చెప్పేశాడు. చెదిరిన కురులతో సహా అన్నీ అందులో ఉన్నాయి. అక్కడ అమ్మవారు ఇంకా పడుకుని ఉంది, ఇక్కడ లేచి బయలుదేరింది. ఆ పాట పాడగలిగిన గుడిలో ఈ పాటకు చోటు లేకుండా ఎట్లా పోతుంది?

ధనుర్మాసం వస్తే ఊరూరా తిరుప్పావై చదువుతారు. మా రంగనాయకులస్వామి గుడిలో నా చిన్నప్పుడు, చలికి వణుకుతూ పెన్న ఒడ్డున ఆ పాశురాలు విన్నాం. పంతొమ్మిదో పాశురంలో దీపం వెలుగుతుండగా, దంతపు కోళ్ల మంచం మీద, దేవేరి నప్పిన్న ఎద మీద తల పెట్టుకుని పడుకున్న కృష్ణుణ్ణి గోపికలు లేపుతారు. దాన్ని ఆచారం తప్పని అమ్మమ్మలే కళ్లు మూసుకుని చదువుతారు. అక్కడా చూసేవాళ్లు తలుపు బయటే ఉన్నారు. అక్కడా తెల్లవారింది.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను గట్టిగా పాడమనడానికి ఇంకో కారణం ఉంది. ఈ పదాలను మూడొందల ఏళ్లు మోసుకొచ్చింది గుళ్లలో, కొలువుల్లో ఆడిపాడిన ఆడవాళ్లు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీలను గుళ్లకు సమర్పించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. నెల్లూరూ ఒంగోలూ అప్పుడు మద్రాసు కిందే ఉన్నాయి. ఆడపిల్లల బతుకుల కోసం ఆ చట్టం రావలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దానికి ముందే మొదలైన చిన్నచూపు వల్ల వాళ్ల పాట కూడా మైలపడినట్టు చూశారు. మా టీచరమ్మకు నేర్పిన ఆ పెద్దావిడ, గుడిలో పాడటం ఆగిపోయాక, ఇంట్లో తలుపేసుకుని ఈ పదాలు పాడుకునేదట. అంతకు ముందు, 1910లో దేవదాసి కుటుంబంలో పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ, కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను అచ్చు వేయిస్తే అది అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేసింది ఎవరో తెలుసా? మీ జిల్లాకు ఏ మహానుభావుడి పేరు పెట్టారో ఆయనే, టంగుటూరి ప్రకాశం పంతులుగారు, మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు. ప్రకాశం జిల్లాలో ఉండి, శృంగారం ఉందని క్షేత్రయ్య పదం పాడటానికి వెనకాడటం నాకు బాధగా ఉంటుంది.

గుడిలో పాడేటప్పుడు నేనైతే పల్లవి, అనుపల్లవి, మొదటి చరణం, మూడో చరణం పాడతాను. రెండోది అక్కడ వదిలేసినా పాట నడక దెబ్బతినదు. ఇంట్లో మాత్రం మూడూ నేర్చుకోండి, సభలో మూడూ పాడండి. మూడో చరణంలో ‘సమసురతి బడలిక’ (కలయిక తర్వాతి అలసట) అన్న మాట ఉంది, దాన్ని మార్చి పాడమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఆ చరణం వదిలేస్తే కైదండలూ పోతాయి, ‘పరమాత్మ’ కూడా పోతాడు. వగకాడి దగ్గర మొదలై అక్కడికి చేరకుండా పాట సగంలో ఆగిపోతుంది.

మీ అత్తగారికి ముందు పాడి వినిపించకండి. కూర్చోబెట్టి, కంచి గుడి, మెట్లు, తెల్లవారుజాము, బయటికి వస్తున్న అమ్మవారు అని కథలా చెప్పండి. ఆ తర్వాత నిదానంగా, తంబూరా శ్రుతి ఒక్కటే పెట్టుకుని, మొదటి చరణం వరకు పాడండి. తాళం వేగం పెంచొద్దు. ‘నిదుర మబ్బు’ దగ్గర సంగతులు ఎక్కువ వేయొద్దు, ఒక్క గమకం చాలు. ఏ పాదమైనా అన్వయం కుదరకపోతే ఇక్కడే రాయండి, మీ టీచరుగారి పాఠం కూడా పెడితే పోల్చి చెబుతాను.